మంచుబూట్లకు సాన

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. ఇంటికి కొత్తవాళ్లెవరైనా వస్తే మా ఆవిడ యాదమ్మ చెంబుతో మంచినీళ్లిచ్చి, వాటితో పాటే ఒక హెచ్చరిక కూడా ఇస్తుంది. "మా ఆయన చెప్పిన దాంట్ల సగం తీసేయుండ్రి. మిగిలిన దాంట్ల ఇంకో సగం తీసేయుండ్రి. గప్పుడు నమ్ముండ్రి." పదిహేను మంది వచ్చిన పెళ్లి నా నోట్లో పడితే ఊరేగింపు అవుతుంది. వేలు గీరుకుంటే నెత్తురు మోరీ కాలువలో పారిందంటాను. ఇరవై రెండేళ్లు సాన చక్రం రొద పక్కన నిలబడి బతికిన మనిషిని. అక్కడ మామూలుగా మాట్లాడితే పక్కవాడికి పెదవులు కదలడమే కనిపిస్తుంది. గొంతు పెంచాలి. గొంతు పెరిగితే దానితో పాటు సంగతీ పెరుగుతుంది.

అందుకని ఈ రాతలో పెంచినవి చాలా ఉంటాయి. వాటిని మీరే పట్టేస్తారు. పెంచడం వేరు, పుట్టించడం వేరు. లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కటే ఉంది. అదేమిటో చివర చెబుతాను.

కొత్తగా సాన పనిలోకి వచ్చేవాళ్లు చదువుతారని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు ఇచ్చారో మీకు అక్కర్లేదు. నేను చెప్పేది ఒక కాలి గురించి. మా బామ్మర్ది మల్లేశు కుడికాలు మోకాలి దగ్గర వంగదు. మిలిటరీలో పరిగెత్తిన కాలు అది. ఇప్పుడు మంచం మీద కూర్చుంటే దాన్ని ముందుకు చాచి పెట్టుకోవాలి, దాటేవాళ్లు చూసుకుని దాటాలి. ఆ కాలు అట్లా కావడానికి సగం కారణం నేను. మిగతా సగం వాన.

మేకు

మా షెడ్డు మూసాపేటలో. లేత్‌లకూ మిల్లింగ్ మెషీన్లకూ కావలసిన కట్టర్లకు పదును పెట్టడం నా పని. నా చక్రం నుంచి లేచే నిప్పురవ్వలు చూసి బోరబండ పిల్లలు దీపావళి వచ్చిందనుకుని పటాకులు కావాలని ఏడ్చారని చెబుతుండేవాణ్ణి. రవ్వలు ఆరిపోతాయి. దుమ్ము ఆరదు, మనిషిలోకి పోయి కూర్చుంటుంది. నా నలభై ఎనిమిదో ఏట దవాఖానలో డాక్టరు నా ఛాతీ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "మూసాపేటల నువ్వు పని చేస్తున్నవా, నీలోపట మూసాపేట పని చేస్తున్నదా?" అన్నాడు. అట్లా రిటైరయ్యాను. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మేం కట్టుకోలేదు. నా మట్టుకు నేను, మీసం కనబడదని కట్టుకోలేదు. ఇప్పుడు మీసం ఉంది, మెట్టెక్కే ఊపిరి లేదు.

మా ఫోర్‌మన్ సుబ్బారావు గారు గుంటూరు వైపు మనిషి. కేకలేసి ఎరగరు. ఆయన కేక వేయకుండా చూసిన చూపుకు మాత్రం నేను నాలుగుసార్లు జ్వరం తెచ్చుకున్నాను. ప్రతి మెషీను పైన గోడకు ఒక మేకు కొట్టించారు. చేయాల్సిన పని బొమ్మ ఏ కాగితం మీద ఉందో ఆ కాగితాన్ని ముందు మేకుకు గుచ్చాలి. ఆ తర్వాతే స్విచ్చి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న కట్టరే అయినా సరే, మేకు ఖాళీగా ఉంటే చక్రం తిరగకూడదు.

"అక్కర్లేదండి, నా చేతికి తెలుసండి" అని ఒకసారి అన్నాను. ఆయనతో మాట్లాడేటప్పుడు నాకు కూడా అండి వచ్చేసేది.

"చేతికి తెలిసిందని కంటికి సెలవు ఇవ్వకయ్యా లింగయ్యా" అన్నారు.

నాకు ఆ మాట నచ్చింది. నచ్చింది కాబట్టి పదిమందికి చెప్పాను. పాటించడం గుర్తురాలేదు.

కత్తెర

మీరు చేయబోయే తప్పు ఇదే కాబట్టి ముందు ఇది చెబుతాను. మా షెడ్డు ఎదురుగా కోట్లు కుట్టే దర్జీ ఖాదర్ భాయ్ ఉండేవాడు. మోచేయంత కత్తెర ఒకటి తెచ్చి, జర పదును పెట్టమన్నాడు. నేను జర పెట్టే రకం కాదు. నూనె రాయి మీద రుద్ది రుద్ది, దాని అంచులో నా ముఖం చూసుకుని మీసం దువ్వుకునేంత నున్నగా చేసి ఇచ్చాను. గంటలో తిరిగి వచ్చాడు.

"క్యా లింగయ్య భాయ్, కత్తెర ఇచ్చినవా, అద్దం ఇచ్చినవా? బట్ట జారి ఆ పక్కకు పోతుంది, తెగుతలేదు."

కత్తెర అంచుకు కొంచెం గరుకు ఉండాలి. అది బట్టను పట్టుకుని ఆపితేనే తెగుతుంది. నాకు తెలిసిన పదును ఒక్కటే, ఇంకా పదును. సుబ్బారావు గారు ఆ కత్తెరను వేలి మీద పెట్టి చూసి, "ఎంత పదును అని కాదయ్యా అడగవలసింది, దేనికి పదును అని" అన్నారు. ఖాదర్ భాయ్‌కి మళ్లీ పట్టి ఇచ్చాను. ఒక కోటు గుడ్డ పాడైంది, అంతే. ఒక గుడ్డ దగ్గర నేర్చుకోవలసింది నేను నేర్చుకోలేదు.

మల్లేశు బూట్లు

మల్లేశు యాదమ్మకు తమ్ముడు. పుట్టినప్పటి నుంచి ఆమె చంకలోనే పెరిగాడు. వాణ్ణి ఎత్తుకుని ఎత్తుకుని ఆమె ఒక పక్కకు ఒరిగిపోయిందని, అందుకే ఇప్పటికీ ఆమె పెట్టిన బిందె వంకరగా ఉంటుందని నేనంటాను. వాడు మిలిటరీలో చేరి లడాఖ్‌లో పడ్డాడు. యుద్ధం అయిపోయిన మరుసటి సంవత్సరం ఆషాఢంలో సెలవు మీద బోరబండ వచ్చాడు. ట్రంకు పెట్టె తెరిచి ఒక జత బూట్లు తీశాడు. అడుగున రెండు ఇనుప పట్టీలు నిలువుగా బిగించి ఉన్నాయి.

"ఏందిరా ఇది? బూటుకు కత్తి మొలిచింది?" అన్నాను.

"స్కేట్లు బావా. ఐసు మీద హాకీ ఆడుతం."

"ఐసు సోడాల వేస్తరు గని దాని మీద హాకీ ఆడుతరా?"

"ఆడ చెరువు మొత్తం గడ్డకడ్తది. బండ లెక్క. మీద లారీ పోయినా పలగది."

యాదమ్మ చేట పక్కన పెట్టింది. "చెరువు గడ్డకడ్తే నీళ్లకు ఏం జేస్తరు రా?"

"కరగబెట్టుకుంటం అక్కా."

"నీళ్లు తాగనీకి నీళ్లను కరగబెట్టాల్నా! ఏం దేశం రా అది. ఇగ పోకు."

"పోకుంటే పట్టుకపోతరక్కా" అని నవ్వాడు.

ఆ సామాను గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఏడేళ్లు దానితోనే గడిపాను. దుకాణంలో కొన్న స్కేట్లు కావు అవి. మిలిటరీ తోలు బూట్ల అడుగున, లారీ కింద కుదుపు ఆపడానికి ఉండే కమాన్ పట్టీని కోసి వాళ్ల మెకానిక్ స్క్రూలతో బిగించాడు. కర్ర మామూలు హాకీ కర్ర. బంతి మంచు మీద ఎగిరి ఎటో పోతుందని బూటు పాలిష్ డబ్బాలో తారు నింపి దానితో ఆడేవాళ్లు. కాళ్లకు దెబ్బ తగలకుండా పాత బొంతను ముక్కలు చేసి గుడారం గుడ్డలో కుట్టుకున్నారు. మల్లేశు బొంత ముక్క మీద ఇంకా ఎవరిదో పెళ్లి తేదీ కుట్టి ఉండేది.

ఎంచుకునేటప్పుడు జనం కర్రను చూస్తారు. చూడాల్సింది బూటును. చలి కదా అని ఒక నంబరు పెద్ద బూటు తీసుకుని రెండు మేజోళ్లు తొడుగుతారు. మల్లేశు అదే చేశాడు. పాదం లోపల కదిలితే పట్టీ ఒక మాట వింటుంది, కాలు ఒక మాట చెబుతుంది. మడమ లేవకూడదు. వేళ్లు ముందు తోలును తాకీ తాకనట్టు ఉండాలి. పట్టీ మడమ మధ్యనా వేళ్ల మధ్యనా సరిగ్గా పడిందా అని బోర్లించి చూడాలి. వెంట్రుకంత వంకర ఉన్నా చీలమండ రోజంతా దానితో కొట్లాడుతుంది.

వచ్చే చలికాలం ఇంకో దళంతో పోటీ ఉందని, తనను ముందు వరసలో ఆడిస్తామన్నారని మల్లేశు చెప్పాడు. పట్టీలు మొద్దుబారిపోయాయి. "మా బావ హైదరాబాద్‌ల అందరికన్న పెద్ద సాన పనోడు అని చెప్పి తెచ్చిన. ఇజ్జత్ ప్రశ్న బావా" అన్నాడు.

అంత పెద్ద మాట వాడికి ఎక్కడి నుంచి వచ్చింది? నేను రాసిన ఉత్తరాల నుంచే.

వాన

తెల్లవారి యాదమ్మ మణికొండలో మా చిన్నమ్మ ఇంటికి పోయింది, బోనాల పని ఉందని. నేను బూట్లు రెండూ తాళ్లతో కట్టి భుజాన వేసుకుని బయలుదేరుతుంటే మల్లేశు ఒక కాగితం తెచ్చాడు. వాళ్ల కెప్టెన్ ఎక్కడో విదేశీ పుస్తకంలో చూసి గీసిన బొమ్మ, స్కేటుకు పదును ఎట్లా ఉండాలో.

"జర జూడు బావా. సాబ్ మరీ మరీ చెప్పిండు."

"నాకు నేర్పుతడారా మీ సాబు? పనికాడ చూస్తలే" అని అంగీ జేబులో పెట్టుకున్నాను.

రైలు పట్టాలు దాటానో లేదో, వాన. అట్లాంటి వానను మీరు చూడలేదు, మీ తాతలూ చూడలేదు. చినుకు ఒక్కొక్కటి తాటిముంజ అంత. మాదాపూర్ గుట్టల మీద వందల ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండరాళ్లు పైట తడవకుండా పక్కకు జరగడం నా కళ్లతో చూశాను. ఒక బర్రె నా పక్క నుంచి ఈదుకుంటూ పోయింది, తోక మీద గొడుగు పట్టుకున్న కొంగతో సహా. మూసాపేట చేరేసరికి నా అంగీ పిండితే బిందె నిండేది. జేబులో చేయి పెడితే కాగితం లేదు, నీలిరంగు ముద్ద ఉంది. ఇంకు కరిగి జేబు మీద దేశపటం గీసింది.

సాయంత్రం ఇంటికి పోయి "ఏముండెరా దాంట్ల?" అని అడగవచ్చు. పొద్దున అంత మాట అన్నవాణ్ణి ఎట్లా అడుగుతాను? ఎల్లుండి వాడి సెలవు అయిపోతుంది. సాన పట్టడం నాకు తెలియదా?

పదును

మధ్యాహ్నం అన్నం గంటలో చక్రం మీద పెట్టాను. పట్టీని రెండు పక్కలా ఏటవాలుగా అరగదీసి, మధ్యలో ఒకే ఒక అంచు తేల్చాను, కత్తిలాగా. కమాన్ ఇనుము మంచి ఇనుము. చేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించాను. పక్క మెషీను వెంకటి జామకాయ తెస్తే దాన్ని స్కేటు మీదికి వదిలాను, రెండు ముక్కలై చెరో పక్క పడింది. ఆ రోజు షెడ్డులో ఉల్లిగడ్డలన్నీ మల్లేశు బూటు మీదే తరిగారు. గాలి దానికి తగిలి రెండుగా చీలి, ఒకటి బాలానగర్ వైపు, ఒకటి కూకట్‌పల్లి వైపు పోయిందని నేను చాలా రోజులు చెప్పుకున్నాను.

సుబ్బారావు గారు వచ్చి నిలబడ్డారు.

"ఏం కోస్తుందయ్యా ఇది?"

"మంచును కోస్తదండి."

"మంచును కోస్తారా, మంచు మీద జారుతారా?"

చక్రం రొదలో వినపడనట్టు నటించాను. ఆయన మేకు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

సాయంత్రం మల్లేశు బూటు తిప్పి తిప్పి చూశాడు. వేలు పెట్టబోతే "తెగుతది రా!" అని గర్వంగా అరిచాను. వాడు గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టుకున్నాడు.

కాలు

చలికాలంలో ఉత్తరం వచ్చింది, వేరేవాళ్ల చేతిరాతతో. ఆ తర్వాత మూడు నెలలకు మల్లేశే వచ్చాడు, కర్రతో. హాకీ కర్ర కాదు.

జరిగింది వాడు ఒక్కసారే చెప్పాడు. పోటీ మొదలైన కాసేపటికి తారు డబ్బా కోసం కుడికి తిరగబోయాడు. స్కేటు మీద తిరగాలంటే ఒక పక్కకు వాలితే ఆ పక్క అంచు మంచును పట్టుకుని మనిషిని తిప్పుతుంది. నేను పెట్టిన పట్టీకి పక్క అంచులు లేవు. ఉన్న ఒక్క అంచు గొడ్డలి మొద్దులో దిగినట్టు మంచులో దిగింది. పాదం అక్కడే ఉండిపోయింది. మనిషి తిరిగాడు. పాదానికీ మనిషికీ మధ్య మోకాలు ఉంది.

"చప్పుడు ఇనిపించింది బావా. ఐసు పలిగిందనుకున్న" అన్నాడు. దీన్ని నేను పెంచలేను. ఎన్నోసార్లు చూశాను, ఈ మాట పెరగదు.

మిలిటరీ వాళ్లు వాణ్ణి పనికిరాడని ఇంటికి పంపారు. యాదమ్మ ఆ కాలికి వేడినీళ్ల కాపడం పెడుతూ, నా వైపు తిరగకుండా అడిగింది.

"నువ్వే గదా సాన పట్టినవ్. మంచిగ పట్టినవా?"

అప్పుడు వాన సంగతి చెప్పాను. కాగితం తడిసి ముద్దయిన సంగతి చెప్పాను. బర్రెను కూడా వదల్లేదు.

"ఆ రోజు మణికొండల చుక్క పడలే" అంది.

నేను చల్లారిన నీళ్ల గిన్నె తీసుకుని లేచాను. మంచం మీద నుంచి మల్లేశు అన్నాడు:

"ఆడ పడలేదేమో అక్కా. ఈడ మస్తు కొట్టింది. నేను చూసిన గద."

తమ్ముడు చెప్పాక ఆమె నమ్మింది. వానను తిట్టింది. ఇప్పటికీ ఆషాఢంలో మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే, ఊరంతా చల్లబడిందని బయటికి వస్తుంది, మా ఆవిడ లేచి వాకిలి తలుపు మూసేస్తుంది.

ఇంట్లో సాన పట్టే పద్ధతి

మరుసటి సంవత్సరం మల్లేశు దళంలోంచి సెలవు మీద వచ్చిన ఒకతను సంచి నిండా బూట్లు తెచ్చాడు. నేను ముట్టుకోనన్నాను. మల్లేశు గడప మీద కూర్చున్నాడు, కాలు చాచుకుని.

"పట్టు బావా. నేను చూస్త."

సుద్దముక్క తీసి గచ్చు మీద బొమ్మ గీశాడు. పట్టీని అడ్డంగా కోస్తే కనిపించే బొమ్మ: కింద రెండు కొమ్ములు, మధ్యలో చిన్న పల్లం, వంతెన కమానులాగా. గీత ఎక్కడా తడబడలేదు. అట్లా మొదలైంది. ఫ్యాక్టరీ చక్రం మీద స్కేటు మళ్లీ పెట్టలేదు. ఇంట్లోనే, చేత్తోనే, ఏటా.

మీలో ఎవరికైనా అట్లాంటి పని తగలవచ్చు. ఇట్లా చేయండి. బూటును బోర్లించి రెండు చెక్కల మధ్య కదలకుండా బిగించండి. అంగుళం లావు ఇనుప కడ్డీ ముక్కకు ఇనుమును అరగదీసే ఎమెరీ గుడ్డ చుట్టండి. పట్టీ వెంట నిలువుగా, ఈ కొస నుంచి ఆ కొసకు, ఒకే బరువుతో లాగండి. మధ్యలో ఆగితే అక్కడ గుంట పడుతుంది. పట్టీ మధ్యలో సన్నటి కాలువ పడి, రెండు పక్కలా రెండు అంచులు లేస్తాయి. ఆ అంచులే స్కేటు. బయటి పక్కకు సన్నటి ఇనుప ముల్లు లేస్తుంది, దాన్ని నూనె రాయితో పక్క నుంచి నిమిరి తీసేయాలి. కరెంటు చక్రం మీద పెట్టే అవసరమే వస్తే, చక్రం ముఖాన్ని గుండ్రంగా చెక్కి, వేడెక్కనివ్వకుండా పట్టండి. ఇనుము నీలిరంగుకు తిరిగిందంటే దాని ప్రాణం పోయినట్టే.

ఇక అసలు పరీక్ష. రెండు అంచుల మీద ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించి వెలుతురుకు పట్టి చూడాలి. స్కేలు ఒక పక్కకు ఒరిగిందంటే ఒక అంచు పొట్టి. మనిషి ఎప్పుడూ ఆ పక్కకే పడతాడు. ఇది మల్లేశు పని. ఒక కన్ను మూసి చూసేవాడు.

"బావా, ఎడమ దిక్కు ఎత్తుంది."

"కళ్లు దొబ్బినయా ఏంది నీకు? సమంగ ఉంది."

"కాలు ఒక్కటే పోయింది బావా, కళ్లు మంచిగనే ఉన్నయ్."

మళ్లీ పట్టేవాణ్ణి. వాడు సరే అనేవరకు. ఒక్కోసారి మూడు సార్లు, నాలుగు సార్లు. నేను ఎదురు చెప్పడం తగ్గించాను.

ఆట అయిపోయాక పట్టీని పొడి గుడ్డతో తుడిచి నూనె రాయాలని, తోలును కుంపటి దగ్గర ఆరబెడితే పగులుతుందని, స్కేట్లను తడి సంచిలో వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పడుతుందని ఒక చీటీ మీద రాసి ప్రతి సంచిలో పెట్టేవాళ్లం. మల్లేశే రాసేవాడు. వాటితో ఆడినవాళ్లెవరికీ కాలు పోలేదని కబురు వచ్చేది. వచ్చినప్పుడల్లా వాడు సంతోషపడేవాడు, పూర్తిగా. నేను సగమే.

పుట్టించింది

బర్రె ఈదడం, బండరాళ్లు జరగడం మీరు ఎటూ నమ్మలేదు. ఆ వానలోంచి వాటన్నిటినీ తీసేసి, చినుకులను మామూలు చినుకులంత చేసి, ఏదో ఒక ఆషాఢం జల్లు అనుకుని ఉంటారు. యాదమ్మ లెక్క ప్రకారం సగంలో సగం. ఆ సగంలో సగం కూడా లేదు.

ఆ రోజు వాన పడలేదు.

ఎండ కాసింది. కాగితాన్ని పొడిగా షెడ్డుకు తీసుకుపోయాను. షెడ్డు పద్ధతి ప్రకారం మేకుకు గుచ్చాను. చదివాను. రెండు కొమ్ములు, మధ్యలో పల్లం, పక్కన కొలతలు. సుబ్బారావు గారు మేకు వైపు చూసి వెళ్లిపోయారని రాశాను కదా. మేకుకు కాగితం ఉంది. ఉందని చూసుకునే ఆయన నిశ్చింతగా వెళ్లారు. కాగితం ఎదురుగా ఉండగా లింగయ్య ఇంకోలా చేస్తాడని ఆయనకు తట్టలేదు. నేను ఆ బొమ్మ చూసి నవ్వుకున్నాను. అంచు మధ్యలో గుంట ఏమిటి, మిలిటరీ వాళ్లకు పదును గురించి ఏం తెలుసు అనుకున్నాను.

సాయంత్రం మల్లేశు బూటు తిప్పి చూశాడని రాశాను. వాడు మాట్లాడాడు కూడా.

"బావా, కాగితంల రెండంచులు ఉండె గద."

"రెండు మొద్దు అంచుల కన్న ఒక్క పదునైన అంచు మేలు రా. నాకు చెప్తవా?"

అక్క మొగుడి మాటకు ఎదురు చెప్పడం వాడికి రాదు. గుడ్డలో చుట్టుకున్నాడు.

వాడికి అంతా తెలుసు. తెలిసే మంచం మీద నుంచి, ఆ కాలితో, నాకోసం వాన కురిపించాడు. అక్క ఇల్లు నిలబడాలని. ఏడేళ్లలో నా దగ్గర ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. స్కేలు వెలుతురుకు పట్టి "ఎడమ దిక్కు ఎత్తుంది" అనడం తప్ప.

ఆ కాగితం నా పనిముట్ల పెట్టెలో ఉంది. మేకు గుచ్చిన చిల్లు తప్ప దాని మీద మరకన్నది లేదు. దాన్ని ఈ ఆఖరి పేజీకి పిన్ను పెడుతున్నాను.

యాదమ్మకు చదువు రాదు. నేను ఏం రాసినా సాయంత్రం గడప మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించేది మల్లేశే. ఈ పేజీ తిప్పేసరికి వాడి చేతిలోకి ఆ కాగితం వస్తుంది. పక్కన అక్క వింటూ ఉంటుంది. వాడు ఉన్నది ఉన్నట్టు చదువుతాడో, ఒక్క క్షణం ఆగి, మళ్లీ వాన కురిపిస్తాడో నాకు తెలియదు.